నూట అరవై ఎనిమిది

మోరిస్‌విల్, నార్త్ కరోలినా
4 ఫిబ్రవరి 1985

ప్రియమైన అక్కకు,

వందనాలు. ఈ ఉదయం తక్కెడ మీద నా ఊపిరి పడి అంకె మారింది. గాజు తలుపు మూయకుండా ముందుకు వంగాను, అంతే. చివరి మూడు ఐదయింది. అప్పటినుంచి తూచేటప్పుడల్లా ఊపిరి బిగపట్టుకుంటున్నాను.

నా ఉద్యోగం ఏమిటో క్రిస్మస్ రోజు ఫోన్‌లో బావకు సరిగ్గా చెప్పలేకపోయాను. ఫోన్‌లో నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకని రాస్తున్నాను.

ఉబ్బసం ఉన్న చిన్నపిల్లలకు పీల్చే మందులు రెండింటిని పోల్చి చూస్తున్నారు. ఒకటి క్రోమోలిన్. ఇంకొకటి స్టెరాయిడ్. పిల్లికూతలను ఏది బాగా తగ్గిస్తుందో తేల్చాలి. నాలుగు ఊళ్ళ ఆసుపత్రుల్లో కలిపి నూట ఇరవై మంది పిల్లలు, అందరూ నాలుగేళ్ళకూ ఆరేళ్ళకూ మధ్య. రెండు మందుల పంపులూ ఒక్కలాగే ఉంటాయి. బూడిద రంగు డబ్బా, తెల్ల మూత. ఏ పిల్లకు ఏది వెళ్ళిందో తల్లికి తెలియదు, డాక్టరుకు తెలియదు, నాకూ తెలియదు. తెలిస్తే చూసే కన్ను మారిపోతుందట.

మందు రోజుకు నాలుగుసార్లు, సారికి రెండు పఫ్‌లు. ఇచ్చినప్పుడల్లా తల్లి కార్డులో టిక్కు పెట్టాలి. పిల్లికూతలు లేకపోతే సున్నా, ఎక్కువైతే మూడు వేయాలి. మూడు వారాలకోసారి కార్డునూ డబ్బానూ ఆసుపత్రిలో తిరిగి ఇస్తారు. అవి నా బల్ల మీదికి వస్తాయి. పేర్లుండవు, నంబర్లే. నేను డబ్బాను తూస్తాను. తగ్గిన బరువును ఒక పఫ్ బరువుతో భాగిస్తే ఎన్ని పఫ్‌లు వాడారో వస్తుంది. ఈ తూకం సంగతి తల్లులకు చెప్పరు. నువ్వూ ఎవరితో అనకు.

పోయిన వారం ఒక డబ్బా నిండుగా తిరిగివచ్చింది. కార్డులో మాత్రం ఎనభై నాలుగు గళ్ళలోనూ టిక్కులున్నాయి. ఆ తల్లి గురించి రోజంతా ఆలోచించాను. ఇవ్వని మందుకు టిక్కు పెట్టిందంటే ఏదో భయం ఉండి ఉంటుంది. ఎవరితోనైనా చెప్పుకుంటే బాగుండేది కదా అనిపించింది.

రూతు పిల్లికూతలు ఎలా ఉన్నాయి? ఇక్కడ చలి తగ్గలేదు. నా గది కిటికీ పక్కనుంచే గూడ్సు బండి వెళుతుంది. దాని శబ్దం వింటూ చదువుకుంటున్నాను.

నీ చెల్లెలు
ప్రేమజ్యోతి


ఇర్వింగ్, టెక్సస్
11 ఫిబ్రవరి

జ్యోతీ,

ఆశీస్సులు. డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చా. కోటు కూడా తీయకుండా కూర్చున్నా. నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపిస్తే ఒకటే నవ్వు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ప్రేమలేఖలు రాయాల్సిన వయసులో తక్కెడ గురించి రెండు పేజీలు రాసింది, దానికి పెళ్ళి ఆ తక్కెడతోనే చేసేద్దాం అంటాడు.

నువ్వు మాత్రం నవ్వకు. మేమూ మీ స్టడీలోనే ఉన్నాం. జనవరిలో జాయిన్ అయ్యాం. నేను నర్సింగ్ స్టేషన్‌లో చార్ట్ రాసుకుంటూ కూర్చున్నా. డాక్టర్ మెక్‌బ్రైడ్ వచ్చి పక్కన నిలబడి, మీ పాపని కూడా ఇందులో చేర్చవచ్చా వసంతా అని అడిగారు. నా లైసెన్స్ పరీక్షప్పుడు నాకోసం లెటర్ రాసింది ఆయనే. అంత మనిషి నిలబడి అడుగుతుంటే కూర్చున్నదాన్ని కాదని ఎలా అంటాను? అలాగే డాక్టర్ అన్నా. అక్కడే సంతకం పెట్టేశా.

మాది నలభై ఆరు. ఏదే, మాకొచ్చింది క్రోమోలినా, ఇంకోటా? ఊరికే అడుగుతున్నా. చెబితే ఎవరికీ చెప్పనులే.

ఇంకో మాట. అన్ని డబ్బాలనీ తూస్తారా? లేకపోతే అక్కడక్కడ ఒకటి తీసి తూస్తారా?

రూతు బాగానే ఉంది. ప్రీస్కూల్‌లో ఎవరో నేర్పారు, తన ఛాతీలో కిట్టీ ఉందని అందరికీ చెబుతోంది. మీ బావ చెవి ఆనించి, ఉందమ్మా, పాలు అడుగుతోంది అంటాడు.

వసంత


మోరిస్‌విల్
16 ఫిబ్రవరి

ప్రియమైన అక్కకు,

మీకు వచ్చింది ఏ మందో నాకు తెలియదు. ప్రతి నంబరుకూ ఒక సీలు వేసిన కవరు ఉంటుంది. అవన్నీ శ్యామ్‌సుందర్ గారి గదిలో, తాళం వేసిన బీరువాలో ఉంటాయి. ఆయన మా స్టాటిస్టిషియన్. కరీంనగర్ వారు. పదిహేనేళ్ళుగా ఈ దేశంలో ఉన్నా ఆయన యాస మారలేదు. బిడ్డకు ప్రాణం మీదికి వస్తే తప్ప కవరు తెరవరు. అది కూడా డాక్టరు ఫోన్ చేసి అడిగితేనే.

అన్ని డబ్బాలనీ తూస్తారు.

నీ ఉత్తరం వచ్చాక వెనక్కి వెళ్ళి 46 చూశాను. నిండుగా వచ్చిందని నీకు రాసిన డబ్బా అదే. పంపు బిగుసుకుపోయి ఉండవచ్చు. ఆసుపత్రిలో చెబితే కొత్తది ఇస్తారు. తప్పు పట్టరు.

మా అక్క కూతురు ఇందులో ఉందని శ్యామ్‌సుందర్ గారికి చెప్పాలి. 46ను నా బల్ల మీద నుంచి తీసి ఇంకొకరికి ఇస్తారు, అంతే. నువ్వు సరేనంటే సోమవారం చెబుతాను.

జ్యోతి


ఇర్వింగ్
23 ఫిబ్రవరి

జ్యోతీ,

నన్ను తూస్తున్నావా?

నీకు జడలు వేసి, కాన్వెంటు గేటు దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది నేను. ఏడంకెకి నడుము గీత మరిచిపోయావని మదర్ నిన్ను బెంచీ ఎక్కిస్తే, నువ్వు నోరు తెరవలేక ఏడుస్తుంటే, క్లాసు బయటినుంచి వచ్చి నీ తరఫున మాట్లాడింది నేను. ఇవాళ నీ బల్ల మీద నేనొక నంబరునా?

పంపు బిగుసుకుంది. అంతే. ఇకనుంచి సరిగ్గా ఉంటుంది, చూసుకో.

ఆయనకి చెప్పొద్దు. చెబితే డాక్టర్ మెక్‌బ్రైడ్ దాకా వస్తుంది. నర్సై ఉండి, పిల్లకి మందు ఇవ్వకుండా టిక్కులు పెట్టిందంటే నా లైసెన్స్ ఏమవుతుందో నీకు తెలుసా? మీ బావ ఫ్యాక్టరీలో లేఆఫ్‌ల మాట నడుస్తోంది. ఇప్పుడు ఇదొకటి నెత్తి మీదకి తేకు.

అక్క


మోరిస్‌విల్
2 మార్చి

ప్రియమైన అక్కకు,

చెప్పలేదు.

పంపు బిగుసుకుందని రాశావు. ఆ కిందనే మందు ఇవ్వకుండా టిక్కులు పెట్టడం గురించి రాశావు. రెండూ చదివాను. ఏది నిజమో అడగడం లేదు.

రూతుకు ముద్దులు.

జ్యోతి


ఇర్వింగ్
19 మార్చి

జ్యోతీ, ఈ కార్డు వెనక బొమ్మ రూతు ఎంచింది. బ్లూబానెట్ పూలు. ఫ్రీవే పక్కన అన్నీ ఇవే. పిల్ల బాగుంది. మా కార్డు చూసుకో, అన్నీ సున్నాలే. ఈస్టర్‌కి ఫోన్ చేస్తా. పారిపోకుండా మాట్లాడు.

వసంత


మోరిస్‌విల్
9 ఏప్రిల్

ప్రియమైన అక్కకు,

ఈస్టరు నాడు నువ్వు ఓవెన్‌లో ఏదో చూడడానికి వెళుతూ ఫోన్ రూతుకు ఇచ్చావు. మీరిద్దరూ మాట్లాడుకోండి, ఇద్దరికీ సిగ్గే అన్నావు. అప్పుడు మేం ఏం మాట్లాడుకున్నామో నీకు రాయాలి.

ముందు కొన్ని అంకెలు. మూడు వారాలకు ఒక పిల్లకు ఇవ్వాల్సినవి నూట అరవై ఎనిమిది పఫ్‌లు. ఏ తల్లీ సరిగ్గా అంత ఇవ్వదు. పిల్ల నిద్రపోతుంది. ఉమ్మేస్తుంది. పంపు పనిచేస్తుందో లేదో అని గాలిలో రెండు కొట్టి చూస్తారు. నా పుస్తకంలో మార్చి నెల ఇలా ఉంది: నూట ముప్పై ఒకటి, నూట యాభై, నూట డెబ్బై ఏడు, తొంభై. 46కు ఫిబ్రవరిలో నూట అరవై ఎనిమిది. మార్చిలో నూట అరవై ఎనిమిది. ఏప్రిల్ నాలుగున వచ్చిన డబ్బాకూ నూట అరవై ఎనిమిది.

శ్యామ్‌సుందర్ గారు అది చూసి నా బల్ల దగ్గర ఆగారు. "గీ తల్లికి సన్మానం చెయ్యాలె" అన్నారు. నేను నవ్వలేదు. నాకు నవ్వు తక్కువని ఆయనకు తెలుసు కాబట్టి ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు రూతు మాట. ఏం నేర్చుకున్నావమ్మా అని అడిగాను. మాట మాటకూ మధ్య ఆగుతోంది. ఆ ఊపిరి చప్పుడు నాకు ఫోన్‌లో వినిపిస్తోంది. "పిన్నీ, ఐ కెన్ కౌంట్. వన్ సిక్స్‌టీ ఎయిట్ దాకా" అంది. వంద దాకానా అన్నాను. కాదట. "అమ్మ సింక్‌కి పఫ్‌లు ఇస్తుంది. నేను కౌంట్ చేస్తా. సింక్‌కి కాఫ్ ఉంది."

దగ్గు ఉన్నది సింకుకు కాదు అక్కా.

నేను నీకు తూకం సంగతి రాయకపోయి ఉంటే నువ్వు లెక్కపెట్టి కొట్టేదానివి కాదు. కనీసం డబ్బా నిండుగా వచ్చేది, ఎవరో ఒకరు మిమ్మల్ని పిలిచి అడిగేవాళ్ళు. ఆ దారి నేనే మూసేశాను.

మందు ఎందుకు ఇవ్వడం లేదో చెప్పు. రూతుకు ఏమి ఇస్తున్నావో కూడా చెప్పు.

జ్యోతి


ఇర్వింగ్
17 ఏప్రిల్

జ్యోతీ,

వారం రోజులు నీ ఉత్తరం యూనిఫాం జేబులో పెట్టుకు తిరిగా. ఇవాళ సెలవు. రూతు కార్టూన్లు చూస్తోంది. మీ బావ పనికి వెళ్ళాడు. ఇవేవీ ఆయనకు తెలియవు.

నా వార్డులో మీనా అని ఒక పిల్ల ఉండేది. ఉబ్బసమే. రెండేళ్ళు స్టెరాయిడ్ మాత్రలు మింగింది. ముఖం ఉబ్బి కళ్ళు గీతలైపోయాయి. తొమ్మిదేళ్ళ పిల్ల ఆరేళ్ళదానిలా ఉండేది. వాళ్ళమ్మ పర్సులో పాత ఫొటో పెట్టుకుని, షిఫ్ట్ మారి కొత్త నర్సు వచ్చినప్పుడల్లా చూపించేది, మా పిల్ల అసలు ఇలా ఉండేది అని. నాకు మూడుసార్లు చూపించింది. ఇదివరకు చూశానని చెప్పలేకపోయా.

సంతకం పెట్టి ఇంటికొచ్చి ఆ డబ్బా చేతిలోకి తీసుకున్నా. రెండింట్లో ఒకటి అదే. రూతు నోటి దగ్గర పెట్టబోతే మీనా ముఖం కనిపించింది. కిందపెట్టేశా. రేపు చూద్దాం అనుకున్నా. రేపు కూడా అంతే అయింది.

మందు లేకుండా ఉంచానని అనుకోకు. పాత థియోఫిలిన్ సిరప్ ఇస్తున్నా. రెండేళ్ళుగా పనిచేసిన మందే. స్టడీలో ఉన్నవాళ్ళకి అది ఇవ్వకూడదని రాసుంది, అందుకే కార్డులో రాయలేదు. ఆయాసం వస్తే వేరే పంపు ఉంది, అది కొడుతున్నా. సున్నాలన్నీ అబద్ధం కాదు. కొన్ని నిజం సున్నాలే.

డాక్టర్‌తో వద్దని ముందే చెప్పాల్సింది. అమ్మ గుర్తుందా? పాస్టరు గారు ఏం చెప్పినా అలాగేనండి అనేది. ఆయన గేటు దాటాక తనకు తోచినట్టు చేసేది. మనం దాన్ని మర్యాద అనుకున్నాం. నాకు ఇంకో రకం రాదు.

ఇప్పుడు నువ్వొక్కదానివే ఉన్నావు. కవరు చూడు. క్రోమోలిన్ అయితే ఈ క్షణం నుంచి ఇస్తా, ఒట్టు. ఇంకోటైతే ఏదో వంక చెప్పి మానిపిస్తా. ఒక్క అక్షరం చాలు జ్యోతీ. కార్డు మీద "క్రో" అని రాసి పోస్ట్ చెయ్యి. ఎవరికీ అర్థం కాదు.

పిల్లకి ఈ వారం ఏం బాలేదు.

అక్క


మోరిస్‌విల్
27 ఏప్రిల్, శనివారం

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం సోమవారం అందింది. ఐదు రోజులు జవాబు రాయలేదు.

బీరువా తాళంచెవి శ్యామ్‌సుందర్ గారి సొరుగులో కొక్కేనికి ఉంటుంది. నిన్న మధ్యాహ్నం ఆయన లంచ్‌కి వెళ్ళినప్పుడు తీశాను. 46 కవరు పైనుంచి మూడో వరసలో ఉంది. దాన్ని కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకున్నాను. మందపాటి కాగితం. లోపల ఒక మడత నీడ కనిపించింది, అక్షరాలు కనిపించలేదు. సీలు అంచున గోరు పెట్టాను.

అప్పుడు నాకొకటి తోచింది. అది స్టెరాయిడ్ అని తేలితే నువ్వు ఇవ్వవు. క్రోమోలిన్ అని తేలితే ఇస్తావు. పిల్ల ఆయాసం మాత్రం రెండు విధాలా ఈ రోజుదే, ఈ రోజే డాక్టరు వినాల్సినది. కవరులో ఉన్నది దానికి జవాబు కాదు. కవరు లోపల పెట్టి తాళం వేశాను.

పీల్చేది వేరు, మింగేది వేరు అని శ్యామ్‌సుందర్ గారు ఒకసారి చెప్పారు. ఎంత వేరో తెలుసుకోవడానికే ఈ పని అని కూడా అన్నారు. నేను ఇంతకంటే చెప్పలేను. నేను డాక్టరును కాను.

సోమవారం ఉదయం తొమ్మిదికి ఆయనకు అంతా చెబుతాను. 46 నా అక్క కూతురని, డబ్బాలు సింకులో ఖాళీ అయ్యాయని, సిరప్ ఇస్తున్నావని. అంతకు ముందే నువ్వు డాక్టర్ మెక్‌బ్రైడ్‌కు చెప్పడం మంచిది. నీ నోటితో వింటే వేరుగా ఉంటుంది. రూతును ఆయనకు చూపించు. ఆలస్యం చేయకు.

ఈ ఉత్తరం నీకు మంగళవారానికి గాని అందదని నాకు తెలుసు. అందుకని ఈ ఉదయం రెండుసార్లు డయల్ చేశాను. మొదటిసారి బావ ఎత్తారు. హలో అన్నారు. పెట్టేశాను. రెండోసారి కూడా ఆయనే. ఆయనకు ఏమీ తెలియదని నువ్వు రాశావు. ఏ మాటతో మొదలుపెట్టాలో నాకు తెలియలేదు.

రాయడం ఒక్కటే నాకు వచ్చు. అది చాలదని తెలుస్తోంది.

జ్యోతి


డాలస్, పిల్లల వార్డు
30 ఏప్రిల్

జ్యోతీ,

రూతు నిద్రపోతోంది. బతికి ఉంది. ముందు అది చదువుకో, తరవాత మిగతాది.

ఆదివారం తెలుగు ఆరాధనలో రెండో పాటకు అందరూ లేచి నిలబడ్డారు. ఇది లేవలేదు. కుర్చీ అంచు పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. డొక్కలెగరేస్తోంది. శనివారం నుంచి అలాగే ఉంది, జలుబని అందరికీ చెబుతున్నా. ఆయాసం పంపు ఆరుసార్లు కొట్టా. ఏడోసారి కొట్టేటప్పటికి పెదవులు నీలంగా అయ్యాయి. పిల్లికూతలు ఆగిపోయాయి. పక్కనున్నావిడ, తగ్గినట్టుందమ్మా, దేవునికి స్తోత్రం అంది. నాకు తెలుసు, గాలి ఆడకపోతే కూత కూడా రాదు. మీ బావ ఎత్తుకుని పార్కింగ్ లాట్‌లోకి పరిగెత్తాడు. అంబులెన్స్ వచ్చింది.

ఎమర్జెన్సీలో స్టడీ కార్డు అడిగారు. పర్సులోంచి తీసి ఇచ్చా. అందులో ఏముంది? సున్నాలు, టిక్కులు. వేరే మందులు అన్న చోట "లేవు" అని నా చేత్తో రాసినది. ఆ కార్డు చూసి నర్సు అమినోఫిలిన్ డ్రిప్ కలుపుతోంది. అది నరంలోకి ఎక్కించేది, సిరప్‌లో ఉన్నదీ అదే జాతి మందు. ఆ ఉదయమే రూతుకి సిరప్ రెండుసార్లు పట్టా. దాని మీద ఇది కూడా పడితే గుండె తట్టుకోదు, ఫిట్స్ వస్తాయి. ఆ గదిలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

నేను ఆ నర్సుతో కలిసి పనిచేశా జ్యోతీ. నాలుగేళ్ళు. ఆమె ట్యూబ్‌లోంచి గాలి తీస్తోంది. డాక్టర్ మెక్‌బ్రైడ్ అప్పుడే లోపలికొచ్చారు. మీ బావ రూతు పాదాలు పట్టుకుని ఉన్నాడు.

"ఆపండి" అన్నా. "సిరప్ ఇస్తున్నాను. మీ మందు ఒక్క పఫ్ కూడా ఇవ్వలేదు. కార్డంతా అబద్ధం."

నర్సు బాటిల్ దించేసింది. రక్తంలో సిరప్ ఎంతుందో చూడమని పంపారు. ఆక్సిజన్ పెట్టి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. అవును, అదే. నేనే చెయ్యి కదలకుండా పట్టుకున్నా. సాయంత్రానికి మళ్ళీ పిల్లికూతలు వినిపించాయి. ఇన్నేళ్ళలో ఆ చప్పుడు విని సంతోషించడం అదే మొదటిసారి.

సోమవారం పొద్దున మీ ఆఫీసుకి ఫోన్ చేసి మా కవరు తెరిపించారు. మాకు ఇచ్చింది క్రోమోలిన్. ఫిబ్రవరి నుంచి నేను సింకులో పోసింది అదే. నేను భయపడ్డ మందు మా ఇంటికి రానే లేదు. ఇప్పుడు ఆ మందే పది రోజులు నోటితో మింగాలట. పది రోజులకి మీనాలా అవ్వదని నాకు తెలుసు. అయినా పొద్దున లేవగానే దాని బుగ్గలు చూస్తున్నా.

మధ్యాహ్నం డాక్టర్ మెక్‌బ్రైడ్ రూములోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను నిలబడ్డా. ఇష్టం లేకపోతే వద్దని ఎందుకు చెప్పలేదు అని అడిగారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. "మీరు నిలబడి అడిగారు" అన్నా. ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పినా అర్థం కాలేదు. నర్సింగ్ సూపర్‌వైజర్‌తో మాట్లాడాలి, నేను దాచలేను అన్నారు. దాచొద్దన్నా. లైసెన్స్ సంగతి తెలియడానికి నెల పడుతుందట.

మీ బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ బట్టలకోసం ఇంటికెళ్ళి, మెయిల్ బాక్స్‌లోంచి నీ శనివారం ఉత్తరం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. చదివి ఆయనకే ఇచ్చా. "ఆ రెండు కాల్స్ ఈ పిల్లవా? ఎవరో సేల్స్‌వాళ్ళనుకున్నా" అన్నాడు.

నువ్వు శనివారం మాట్లాడి ఉంటే అని నేను అనను. అనడానికి నాకు నోరు లేదు.

రూతు లేచింది. తినడానికి జెల్లో అడుగుతోంది.

అక్క


మోరిస్‌విల్
6 మే

ప్రియమైన అక్కకు,

రూతు ఇంటికి వచ్చిందని బావ ఫోన్ చేశారు. ఈసారి నేను పెట్టేయలేదు. ఆయనే ఎక్కువ మాట్లాడారు. తరవాత రూతు మాట్లాడింది. కిట్టీ బయటికి వెళ్ళిపోయిందట. తలుపు మూసి పెట్టమని అమ్మకు చెప్పిందట.

నీకు కొన్ని సంగతులు చెప్పాలి.

పోయిన సోమవారం తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా శ్యామ్‌సుందర్ గారి గదికి వెళ్ళాను. చెప్పాల్సిన వాక్యాలు కాగితం మీద రాసుకున్నాను. ఆయన కూర్చోమన్నారు. మొదటి వాక్యం నోట్లో ఉండగానే ఫోన్ మోగింది. ఆయన వింటూ కాగితం మీద 46 అని రాసుకున్నారు. లేచి బీరువా తీశారు. నేను అదే కుర్చీలో కూర్చుని ఉన్నాను. కవరు చింపి ఫోన్‌లో ఒక్క మాట చెప్పారు. పిల్ల ఎలా ఉందని అడిగారు. జవాబు వినేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు, చూడడానికి కారణం కూడా ఆయనకు అప్పటికి తెలియదు. కవరు సీలు అంచున నా గోటి గుర్తు ఉంది. దాన్ని ఆయన వేలితో తడిమారు.

ఫోన్ పెట్టాక నా కాగితం ఆయన ముందు ఉంచాను. చదివి, కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు.

46 లెక్కలోంచి తీసేశారు. ఇప్పుడు నూట పంతొమ్మిది మంది. నన్ను తూకం బల్ల నుంచి మార్చారు. ఉద్యోగం తీయలేదు. నెలాఖరుకు నేనే మానేస్తున్నాను. లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని ఒకటి ఉంది, దానికి అడిగాను. నీ విషయంలో అవసరమైతే ఉత్తరం రాస్తానని శ్యామ్‌సుందర్ గారు అన్నారు. అత్యవసర గదిలో డ్రిప్ ఆపించింది ఎవరో అందులో రాస్తారట. అది నీకు ఎంత పనికివస్తుందో నాకు తెలియదు.

నువ్వు వద్దని చెప్పలేకపోయావని రాశావు. ఆ ఉత్తరం చదివినప్పటినుంచి నా సంగతి ఆలోచిస్తున్నాను. శ్యామ్‌సుందర్ గారు నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న.

"ఎప్పటిసంది ఎరుక బిడ్డా నీకు?"

ఆయనకు చెప్పింది నీకూ చెబుతున్నాను. జనవరి 31, గురువారం, 46వ నంబరు డబ్బాతోపాటు వచ్చిన కార్డు చూశాను. తేదీల్లో ప్రతి ఏడంకెకూ, మన మదర్ నేర్పినట్టే, నడుముకు అడ్డగీత ఉంది. మొదటి ఉత్తరంలో నీకు తక్కెడ గురించి రాసింది ఆ తరవాత నాలుగు రోజులకు.

జ్యోతి